మిస్సింగ్ అన్న ఒక్క మాట చాలదు. చూసినందుకు కూలి ఇద్దాం



ఈసారి మేము రాసేది పాత మోటార్ సైకిళ్ళ గురించి. ఇది సంఘం విషయమా అని అడిగేవాళ్ళు మన ఇండ్ల ముందర ఒకసారి చూడండి. పదిహేను, ఇరవై ఏండ్ల స్ప్లెండర్లు, అంతకన్నా పాత బుల్లెట్లు, ఎవరో మురిపెంగా దాచుకున్న ఆర్‌ఎక్స్ 100, ఒకటి రెండు యెజ్డీలు. మనలో చాలామంది ఆ బండి మీదే పనికి పోతారు, ఆ బండి మీదే అంగళ్ళకు సరుకు వేస్తారు. బండి నిలిచిన రోజు ఆ ఇంట ఆదాయం కూడా నిలుస్తుంది.

ఈ బళ్ళకు వచ్చే జబ్బుల్లో జాస్తి దుడ్డు తినేది, జాస్తి విసిగించేది మిస్సింగ్. ఎప్పుడూ ఉండే జబ్బయితే కష్టం లేదు. అసలు స్టార్టే కాని బండిని ఏ మెకానిక్ అయినా గంటలో పట్టేస్తాడు. ఇది ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఇక్కడి తమిళంలో చెప్పినట్టు విట్టు విట్టు వస్తుంది. మెకానిక్ ముందర నిలబెడితే కొత్త అల్లుడిలా బుద్ధిగా ఉంటుంది. ఇంటికి తిరిగి వచ్చే దారిలో మళ్ళీ మొదలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ జబ్బులో మన దుడ్డు ఊరికే పోవడానికి జాస్తి కారణం మనమే పెట్టుకున్న ఒక వాడిక. మార్చిన సామానుకు దుడ్డు ఇస్తాం, చూసినందుకు ఇవ్వం. మెకానిక్ రెండు గంటలు కూర్చుని వైరు వైరుగా వెతికి, చివరికి ఒక వదులు కనెక్షన్ బిగించి ఇస్తే, "దీనికా మూడువందలు?" అని అడుగుతాం. అదే మనిషి పది నిమిషాల్లో కాయిల్ మార్చి వెయ్యి అడిగితే, కొత్త సామాను కంటికి కనబడుతుంది గనుక ఇచ్చేస్తాం. అట్లాంటప్పుడు ఆయన వెతుకుతాడా, మారుస్తాడా? ఆయనకూ ఇల్లుంది, పిల్లలున్నారు.

ముందు మిస్సింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఒకే సిలిండర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, లోపల నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు పెట్రోల్ మండుతుంది. ప్రతిసారీ మూడు సరిగ్గా కుదరాలి: గాలి, పెట్రోల్ తగిన పాళ్ళలో కలవాలి, వేళకు నిప్పు రవ్వ పడాలి, సిలిండర్‌లో ఒత్తిడి నిలవాలి. ఈ మూడింటిలో ఏది ఒక్కసారి తప్పినా మనకు కుదుపు తెలుస్తుంది. కారణాలు పదిహేను ఇరవై ఉన్నాయి. బయటికి వినబడే లక్షణం మాత్రం ఒకటే. అందుకే షెడ్డుకు పోయి "మిస్సింగ్ అడిక్కుదు" అని ఒక్క మాట చెప్పి బండి వదిలేస్తే, ఆ మాటలో ఏ సమాచారమూ లేదు. కడుపు నొప్పి అని మాత్రం చెప్పి నోరు మూసుకొన్న రోగిలాంటివాళ్ళం మనం.

రైల్వేలో మేము చేసినది గుమాస్తా పని, ఇంజన్ విప్పే పని కాదు. అయినా ఒక వాడిక అక్కడ చూశాం. ప్రతి లోకోకూ లాగ్ బుక్ ఉంటుంది. నడిపినవారు దారిలో ఏమి తేడా చూశారో అందులో రాస్తారు. షెడ్డులో పని చేసేవారు ఆ రాత చూసి పని మొదలుపెడతారు. షెడ్డుకు వచ్చి నిలబడిన లోకో దారిలో జరిగినది తానుగా చెప్పలేదు. మన బండీ అంతే. 2020 ఏప్రిల్ నుండి బీఎస్ 6 నియమం వచ్చాక కొత్త బళ్ళు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ అయ్యాయి. వాటిలో తప్పు వస్తే దీపం వెలుగుతుంది, కంప్యూటర్ కొంత గుర్తుపెట్టుకుంటుంది. కార్బరేటర్ బండికి ఆ దీపం లేదు. గుర్తుపెట్టుకోవలసింది నడిపే మనిషే.

అందుకని ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. పది రోజులు చాలు. మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ ఈ ఏడు సంగతులు రాయండి: తేదీ, వేళ. ఇంజన్ చల్లగా ఉందా, ఎన్ని కిలోమీటర్లు నడిచాక వచ్చింది. ఏ గేరు, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పి ఉందా, పూర్తిగానా. వానా ఎండా. ట్యాంకులో పెట్రోల్ ఎంత. రోడ్డు సమంగా ఉందా, గుంటలా, మెట్టా. చివరిది ముఖ్యం: ఠక్కున ఆగిందా, మెల్లగా దిగజారిందా. ఆ తర్వాత మీరు ఏమి చేస్తే మళ్ళీ నడిచిందో అదీ రాయండి, చిన్న విషయం అనిపించినా సరే.

ఇప్పుడు ఆ రాతను ఎట్లా చదవాలి?

స్విచ్ వేసి తీసినట్టు ఠక్కున పోయి ఠక్కున వస్తే, ముందు కరెంటు వైపు చూడాలి. బలం తగ్గుతూ, లాగలేక లాగలేక దిగజారితే పెట్రోల్ వైపు. ఇది నూటికి నూరు పాళ్ళు నిజం కాదు, కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

గుంటలో పడినప్పుడు, హ్యాండిల్ తిప్పినప్పుడు వస్తే వైరింగే. హ్యాండిల్ కింద, హెడ్ లైటు వెనక వైర్లన్నీ కట్టగా వంగే చోటు ఉంటుంది. ఏండ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగ తెగుతుంది. మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ అటు చివరకూ ఇటు చివరకూ తిప్పండి. తాళం గుత్తి మెల్లగా కదపండి. ఇంజన్ తడబడితే చోటు దొరికినట్టే. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

వానలో, తెల్లవారి మంచులో మాత్రమే వస్తే ప్లగ్‌కు పోయే లావు వైరు, దాని ప్లగ్ క్యాప్ చూడాలి. ఐప్పసి, కార్తీక ముసురులో ఈ జబ్బు జాస్తి. వైరు తొడుగు పగిలితే తడిలో కరెంటు ప్లగ్ దాకా పోకుండా ఇంజన్ బాడీ మీదికి దూకుతుంది. రాత్రి చీకట్లో ఇంజన్ ఆడుతుండగా ఆ వైరు మీద కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే నీలం రవ్వలు కంటికి కనబడతాయి. చేయి పెట్టరాదు, గట్టి షాక్ కొడుతుంది. వైరు చివర పాతబడితే కొద్దిగా కత్తిరించి క్యాప్ మళ్ళీ తిప్పి బిగిస్తే కొన్నిసార్లు అక్కడితో సరిపోతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఠక్ ఠక్ మని తెగుతూ, అరగంట ఆరితే మళ్ళీ బాగుంటే, కాయిల్, పల్సర్ కాయిల్, పాయింట్ సెట్టు బళ్ళలో కండెన్సర్ మీద అనుమానం పెట్టవచ్చు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మరుసటి రోజు పొద్దున చల్లని కాయిల్‌కు మీటర్ పెడితే మంచిదనే చూపిస్తుంది. వేడిగా, జబ్బు ఉన్నప్పుడే కొలవాలి. పాత బుల్లెట్‌లో పాయింట్ గ్యాప్ 0.35 నుండి 0.40 మి.మీ. ఉండాలి. పాయింట్ల మధ్య పెద్దగా రవ్వలు వస్తూ, ముఖాలు గుంటలు పడి ఉంటే, పాయింట్‌ను ఆకురాయితో రుద్ది వదిలేయడం చాలదు. కండెన్సర్ కూడా చూడాలి. వేడిలో ఐడిల్ నిలవక, తిరిగి స్టార్ట్ కావడానికి మొరాయిస్తే ట్యాపెట్ గ్యాప్ మరీ బిగుసుకుపోయిందేమో చూడాలి. వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే ఒత్తిడి కారిపోతుంది. ట్యాపెట్ మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి.

యాక్సిలరేటర్ ఎంత తిప్పితే వస్తుందన్నది కూడా దారి చూపిస్తుంది. ఐడిల్‌లో, కొద్దిగా తిప్పినప్పుడు వస్తే స్లో జెట్ అడ్డుపడి ఉండవచ్చు, లేదా కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ నడుమ రబ్బరు పగిలి దొంగగాలి పీలుస్తుండవచ్చు. నడిమిలో వస్తే నీడిల్. పూర్తిగా తిప్పి మెట్టెక్కేటప్పుడు వస్తే మెయిన్ జెట్, లేదా ట్యాంకు నుండి పెట్రోల్ చాలినంత దిగడం లేదు. పైపు ఊడదీసి సీసాలో పట్టి చూస్తే ధార సన్నమా లావా తెలుస్తుంది. చల్లారిన ఇంజన్ దగ్గర, ఆరుబయట, బీడీ నిప్పు లేనిచోట మాత్రమే చేయండి. ప్లగ్ విప్పి రవ్వ చూసే పని, పెట్రోల్ విప్పే పని ఒకే చోట ఎప్పుడూ వద్దు.

నెల రోజులు నిలబెట్టి తీసిన బండికి వస్తే నీళ్ళ సంగతి యోచించండి. ఇప్పుడు మనం పోసుకొనే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీళ్ళు జాస్తి అయితే అది పెట్రోల్ నుండి విడిపోయి అడుగున చేరుతుంది. కార్బరేటర్ కింది గిన్నెలో ఉన్నది గాజు సీసాలోకి వంపి పది నిమిషాలు ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే జవాబు దొరికినట్టే. పాత బళ్ళ రబ్బరు పైపులు, వాషర్లు ఈ పెట్రోల్‌ను ఎత్తుకొని చేసినవి కావు గనుక వాటినీ ఒకసారి వంచి, పగుళ్ళు చూడాలి.

ప్లగ్ కూడా మాట్లాడుతుంది. ముక్కు లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోల్ జాస్తి లేదా గాలి తక్కువ. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ. నూనె తడి ఉంటే ఫోర్ స్ట్రోక్‌లో రింగులు, వాల్వ్ సీళ్ళ వైపు చూడాలి. ప్లగ్ తుడిచి పారేయడానికి ముందు చదవండి.

మన సంఘంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాం. పేరు ఎందుకు? ఆ తమ్ముడు పొద్దున నాలుగు గంటలకు లేచి దోసె పిండి ప్యాకెట్లు అంగళ్ళకు వేస్తాడు. బండి పాత 100 సీసీ. కొన్ని నెలలుగా మిస్సింగ్. మూడు చోట్ల చూపించాడు. మొదట ప్లగ్, తర్వాత కాయిల్, తర్వాత సీడీఐ, చివరికి కార్బరేటర్ కిట్టు. నాలుగు వేలకు దగ్గర అయింది. జబ్బు అట్లాగే ఉంది. ఒక రోజు బైపాస్ దాటుతుండగా నడిరోడ్డులో బలం పోయింది. వెనక లారీ హారన్ కొడుతూ ఆనుకొని వచ్చింది. ఆ రోజు నుండి ఇంట్లో భార్య "ఈ బండి తూకానికి వేసేయండి" అని పట్టుబట్టింది. ఆమె భయం న్యాయమే.

మేము ఆయనకు చెప్పింది నోటుబుక్కు సంగతి ఒక్కటే. వారం రోజుల రాత చూస్తే అంతా ఒకే తీరు. టౌన్‌లో రాదు. బైపాస్ మీద ఆరేడు కిలోమీటర్లు ఒకే వేగంలో పోయాక వస్తుంది. మెల్లగా దిగజారుతుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ముందే వస్తుంది. చివరి గడిలో ప్రతి రోజూ ఒకే వాక్యం: "మూత తెరిచి చూసినాను, పెట్రోల్ ఉంది. కిక్కర్ కొడితే స్టార్ట్ అయింది."

పెట్రోల్ ఉందో లేదో చూడడానికి మూత తెరిచేవాడు. బాగయ్యేది ఆ మూత తెరవడం వల్లే. ట్యాంకు మూతలో గాలి లోపలికి పోయే సన్న దారి ఉంటుంది. అది మూసుకుంటే, పెట్రోల్ దిగేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. నిండు ట్యాంకులో పైన గాలి చోటు తక్కువ గనుక ఇంకా తొందరగా ఆగుతుంది. మూత తెరవగానే గాలి లోపలికి పోతుంది, బండి నడుస్తుంది. దుమ్ము, తుప్పు నిండిన ఆ దారిని సన్న తీగతో శుభ్రం చేశారు. అంతే. ఇప్పటికీ అదే బండి మీద పిండి వేస్తున్నాడు. మూడు షెడ్లలో ఒక్కరైనా "నిలిచినప్పుడు నువ్వు ఏం చేస్తావు?" అని అడగలేదు. ఆయనా చెప్పలేదు. అడిగే తీరిక వాళ్ళకు లేదు, ఎందుకంటే ఆ తీరికకు మనం కూలి కట్టడం లేదు.

ఇక మాకు ఎదురు చెప్పేవాళ్ళ మాటలు కూడా చూద్దాం.

"మెకానిక్ పని మేమెందుకు చేయాలి?" చేయవద్దు. నోటుబుక్కు రాయడం నడిపేవాడి పని, విప్పడం ఆయన పని. జబ్బు వచ్చిన నిమిషంలో బండి మీద ఉన్నది మీరే. ఆ సాక్ష్యం ఇంకెవరూ చెప్పలేరు.

"అనుమానం ఉన్నది మార్చేస్తే పోతుంది కదా?" ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ పైపు కాలం తీరితే మార్చవలసినవే. అది సర్వీసు. కానీ కాయిల్, సీడీఐ ఊహ మీద కొనడం లాటరీ టికెట్ కొన్నట్టు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగించాక చాలా అంగళ్ళలో వాపస్ తీసుకోరు. దానికి తోడు చెన్నై పుదుప్పేట మొదలు మన ఊరి అంగళ్ళ దాకా నకిలీ సామాను కలుస్తోంది. మంచి పాత కాయిల్ తీసి చెడ్డ కొత్తది వేస్తే, ఒక జబ్బు రెండు అవుతుంది. సందేహం ఉంటే అదే మోడల్ నడిపే స్నేహితుడి బండి నుండి ఒక గంట అప్పు తెచ్చి పెట్టి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే, బాగైనా ఏది బాగు చేసిందో తెలియదు. తీసిన పాత సామాను తప్పకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి.

"పాత బండి ఎందుకు, అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా?" కొనగలిగినవాళ్ళు కొనండి, మాకు సంతోషమే. కానీ అప్పు చేసి కంతులు కట్టవలసిన ఇంటికి, గాలి దారి మూసుకొన్నందుకు బండి అమ్మడం న్యాయమా? చట్రం తుప్పు పట్టి, ఇంజన్ అరిగి, బ్రేకులు నిలవని బండిని వదిలేయమని మేమే చెబుతాం. తీర్పు జబ్బు తెలిసిన తర్వాత ఇవ్వాలి.

ఇంకొక మాట. మిస్సింగ్ ఉన్న బండిని "పోతుందిలే" అని నడుపుతూ ఉండకండి. మండని పెట్రోల్ సిలిండర్ గోడల నూనెను కడిగేస్తుంది, ఇంజన్ అరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, దాటేటప్పుడు బలం పోతే ప్రాణానికే వస్తుంది. జబ్బు తేలేదాకా హైవే వద్దు, వెనక భార్యాబిడ్డలను ఎక్కించుకోవడం వద్దు.

ఇప్పుడు సంఘానికి మా మనవి రెండు.

ఒకటి, పైన చెప్పిన ఏడు సంగతుల పట్టీ ఒక పేజీలో అచ్చు వేయిద్దాం. ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం. మనవాళ్ళు తెలుగులో చదువుకుంటారు, మెకానిక్ తమిళంలో చదువుకుంటాడు. ఖర్చు పెద్దగా కాదు.

రెండు, మన పేటలో నమ్మకంగా పని చేసే ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లతో సంఘం తరఫున మాట్లాడి, చూసే కూలి ఇంత అని తీర్మానం చేద్దాం. టీవీ బాగు చేసే అంగడిలో చెకింగ్ చార్జి కడుతున్నాం. డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తున్నాం. మెకానిక్‌కు మాత్రం ఎందుకు ఇవ్వం? ఆయన గంట వెతికి ఏమీ మార్చకుండా బండి ఇచ్చినా ఆ కూలి చేతికి అందాలి. బదులుగా ఆయన మనకు ఒక్క మాట ఇవ్వాలి: జబ్బు ఎక్కడో చూపించకుండా సామాను మార్చను అని. ఈ ఒప్పందంలో ఇద్దరికీ మర్యాద ఉంది. వెతికే పనికి విలువ ఉంటే, ఆయన దగ్గర నేర్చుకొనే పిల్లవాడు కూడా వెతకడం నేర్చుకుంటాడు. లేకపోతే మార్చడం ఒక్కటే నేర్చుకుంటాడు.

ఎంత కూలి న్యాయమో, ఏ మెకానిక్‌లను అడగాలో మీ అభిప్రాయం రాయండి. మిస్సింగ్‌తో కష్టపడుతున్న సభ్యులు ఈ రాత్రి నుండే నోటుబుక్కు మొదలుపెట్టి, వచ్చే నెల కూటానికి వెంట తెండి. నలుగురం కలిసి చదువుదాం.